కంటికి ఆనని ఎర్ర చుక్క: దాని సైజు, వేడి, బరువు లెక్కగట్టడం ఎలా

బెంగళూరు మారతహళ్ళిలో మేముండే బిల్డింగ్ డాబా ఎక్కితే, ఔటర్ రింగ్ రోడ్ లైట్ల వెలుగులో ఆకాశంలోని చుక్కలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే కనిపిస్తాయి. ఒక జనవరి రాత్రి అక్కడే లాప్‌టాప్ పెట్టుకుని లెక్క చేస్తుంటే, పక్క ఫ్లాట్‌లోని కర్నూలు పెద్దాయన తొంగిచూసి అడిగారు: "ఏమప్పా, కండ్లకు కూడా కనపడని చుక్క కోసరం ఇంత తిప్పలెందుకు?" ఆయనకు ఆ రాత్రి చెప్పిన జవాబే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మీరూ ఒక సాయంత్రం కూర్చుని చేయొచ్చు.

చుక్క మసకగా ఉందంటే అది చిన్నదని కాదు, చాలాసార్లు అది దూరంగా ఉందని అర్థం. రెడ్ జెయింట్‌ల విషయంలో ఇది మరీ నిజం. సూర్యుడి లాంటి చుక్క ముసలితనంలో బాగా ఉబ్బి, పైన చల్లబడి ఎర్రబారితే దాన్ని రెడ్ జెయింట్ అంటారు. ఇంట్లో కూర్చుని మూడు అంకెలు సంపాదిస్తే చాలు: మనకు ఎంత వెలుగు అందుతోంది, దాని రంగేమిటి, ఎంత దూరంలో ఉంది. ఈ మూడింటి నుంచి దాని వేడి, అసలు వెలుగు, వ్యాసార్ధం బయటికొస్తాయి. బరువు మాత్రం అంత తేలిగ్గా దొరకదు. దానికి వేరే దారి ఉంది, తర్వాత చెప్తాను.

టెలిస్కోప్ అక్కర్లేదు. ఇంటర్నెట్, సైంటిఫిక్ కాలిక్యులేటర్, ఒక నోట్‌బుక్ ఉంటే సరిపోతుంది. 10×50 బైనాక్యులర్లు ఉంటే సంతోషం. లెక్క చేసిన చుక్కను ఒక్కసారైనా కళ్ళతో చూడాలని నేను గట్టిగా అనుకుంటాను. దానికి ఊళ్ళోంచి బయటపడాలి. కోలారు, ముళబాగిలు వైపు మన తెలుగు మాట్లాడే ఊళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ బంధువులో స్నేహితులో ఉంటే, చంద్రుడు లేని చలికాలపు రాత్రి వాళ్ళ డాబా అడగండి.

చుక్కను ఎంచుకోవడం

మొదటిసారి చేసేవాళ్ళు 8 నుంచి 11 మాగ్నిట్యూడ్ మధ్య ఉన్న చుక్కను తీసుకోండి. మాగ్నిట్యూడ్ అంటే చుక్క ఎంత వెలుగుతో కనిపిస్తుందో చెప్పే అంకె. అది పెరిగే కొద్దీ చుక్క మసకబారుతుంది. బెంగళూరు నడిబొడ్డున మామూలు కంటికి 3 లేదా 4 దాటితే కష్టం, కాబట్టి ఇవి మీకు కనపడవు. కానీ యూరప్ వాళ్ళ గైయా ఉపగ్రహానికి ఇవి చాలా ప్రకాశవంతమైనవి, వాటి కొలతలు చక్కగా ఉంటాయి.

గైయా 2013 డిసెంబర్‌లో బయల్దేరి 2025 జనవరి దాకా కొలతలు తీసింది. మూడో విడత సమాచారం 2022 జూన్‌లో విడుదలైంది. గైయా ఆర్కైవ్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. చుక్క పేరు తెలిస్తే ముందు సింబాడ్ అనే చుక్కల వివరాల వెబ్‌సైట్‌లో కొట్టండి, ఆకాశంలో దాని స్థానం వస్తుంది. ఆ స్థానం గైయా ఆర్కైవ్‌లో ఇస్తే ఒక పెద్ద వరుస తెరుచుకుంటుంది. అందులో మనకు కావలసినవి నాలుగే: జి మాగ్నిట్యూడ్ (గైయా కొలిచిన వెలుగు), బీపీ మైనస్ ఆర్పీ అనే రంగు అంకె, మిల్లీ ఆర్క్‌సెకండ్లలో (ఒక్కోటి డిగ్రీలో 36 లక్షల వంతు) పారలాక్స్, అంటే భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే చుక్క పక్కకు జరిగినట్టు కనిపించే కోణం (దగ్గరి చుక్కకు ఎక్కువ), దాని పక్కనే పారలాక్స్‌లో ఉండగల పొరపాటు.

రంగు అంకె 1.0 నుంచి 1.5 మధ్య ఉన్నదాన్ని పట్టుకోండి. 2 దాటితే చుక్క బాగా ఎర్రగా అందంగా ఉంటుంది. కానీ దాని వాతావరణంలో టైటానియం ఆక్సైడ్ లాంటి అణువులు పేరుకుని, వెలుగు కూడా మారుతూ ఉంటుంది. నేను చెప్పబోయే సూత్రాలు అక్కడ సరిగా పనిచేయవు.

ఎక్కడ వెతకాలో తోచకపోతే కర్కాటక రాశిలో ఎం67 అనే చుక్కల గుంపు ఉంది, పుష్యమికీ ఆశ్లేషకూ మధ్య. అందులో పదో మాగ్నిట్యూడ్ దరిదాపుల్లో చాలా రెడ్ జెయింట్‌లు ఉన్నాయి. అన్నీ ఒకే దూరంలో, సుమారు 2,800 కాంతి సంవత్సరాల దగ్గర ఉంటాయి. వయసూ ఒకటే, దాదాపు 400 కోట్ల ఏళ్ళు. లెక్క చేయి తిరగడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ఇకమీదట నేను వాడే ఉదాహరణ చుక్క మాత్రం లెక్క కోసం నేను అనుకున్నది. జి 8.90, రంగు 1.25, పారలాక్స్ 2.00, పొరపాటు 0.02. మీరు మీ చుక్క అంకెలు పెట్టుకోండి.

అది నిజంగా జెయింటేనా?

ఈ మెట్టు వదిలేసినవాళ్ళు తర్వాత మొత్తం చెరిపేసుకోవాల్సి వస్తుంది. ఎర్రగా కనిపించేవి మూడు రకాలు: దూరంలో ఉన్న జెయింట్‌లు, దగ్గర్లో ఉన్న మరుగుజ్జు తారలు (ఉబ్బని మామూలు చిన్న చుక్కలు), మధ్యలోని ధూళి వల్ల ఎర్రబారిన వేడి తారలు. కంటికి, ఫోటోలో మూడూ ఒకేలా ఉంటాయి.

పారలాక్స్ తేల్చేస్తుంది. మన ఉదాహరణ చుక్క మరుగుజ్జే అయితే, ఆ రంగులో అంత వెలుగు కనిపించాలంటే అది 90 కాంతి సంవత్సరాల దరిదాపుల్లో ఉండాలి. అప్పుడు పారలాక్స్ 35 దాకా రావాలి. మనకు వచ్చింది 2. అంటే పదిహేడు, పద్దెనిమిది రెట్లు ఎక్కువ దూరంలో ఉండి కూడా అంతే వెలుగు చూపిస్తోంది. ఇక సందేహం అక్కర్లేదు, అది జెయింటే.

ధూళి సంగతి చూడాలంటే చుక్క పాలపుంత పట్టీలో ఉందో లేదో చూడండి. ఉంటే మొదటిసారికి దాన్ని వదిలేయండి.

ఇంకొకటి కూడా చూడాలి. గైయా వరుసలో ఆర్‌యూడబ్ల్యూఈ అనే గడి ఉంటుంది. అది 1 దగ్గర ఉంటే మంచిది. 1.4 దాటితే ఆ చుక్క జంట అయుండొచ్చు, అప్పుడు పారలాక్స్ నమ్మలేం. నేను మొదట్లో ఈ గడి చూడకుండా ఒక చుక్క మీద వారం రోజులు కూర్చున్నాను. వ్యాసార్ధం ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తుంటే టెన్షన్ పడ్డాను. తప్పు లెక్కలో కాదు, చుక్కను ఎంచుకోవడంలోనే ఉంది.

దూరం, ధూళి, అసలు వెలుగు

దూరం తేలిక. 1000ని పారలాక్స్‌తో భాగిస్తే పార్సెక్కులు వస్తాయి. 1000 ÷ 2.00 = 500 పార్సెక్కులు. ఒక పార్సెక్ 3.26 కాంతి సంవత్సరాలు కాబట్టి 1,630 కాంతి సంవత్సరాలు. ఈ రాత్రి మీకు అందే వెలుగు అక్కడ బయల్దేరేనాటికి మన దగ్గర గుప్తుల కాలం. పారలాక్స్‌లో పొరపాటు పది శాతం లోపు ఉంటేనే ఈ భాగహారం నమ్మండి. మన చుక్కకు ఒక్క శాతమే.

ఇప్పుడు సొంత మాగ్నిట్యూడ్ కావాలి, అంటే ఆ చుక్కను 10 పార్సెక్కుల దగ్గర పెడితే ఎంత కనిపిస్తుందో ఆ అంకె. కనిపించే మాగ్నిట్యూడ్‌లోంచి దూరపు లాగరిథమ్‌ను 5తో గుణించి తీసేసి, 5 కలపాలి. తర్వాత ధూళి మింగేసిన వెలుగును కూడా తీసేయాలి. చాలా చుక్కలకు ధూళి అంచనా గైయా వరుసలోనే ఉంటుంది. మన చుక్కకు 0.15 అనుకుందాం.

8.90 − 13.49 + 5 − 0.15 = 0.26.

ధూళి వెలుగును తగ్గించడమే కాదు, రంగును కూడా ఎర్రబరుస్తుంది. దుమ్ము లేచిన సాయంత్రం సూర్యుడు ఎర్రబడేది కూడా ఇలాంటి కారణంతోనే. కాబట్టి రంగు అంకెలోంచి 0.08 తీసేస్తే 1.17 మిగులుతుంది.

వేడి

చల్లని చుక్క ఎర్రగా, వేడి చుక్క నీలంగా ఉంటుంది. కమ్మరి కొలిమిలో ఇనుము చూసినవాళ్ళకు ఇది కొత్తేం కాదు. జెయింట్‌లకు పనికొచ్చే ఒక సుమారు సూత్రం చెప్తాను. రంగు అంకెను 0.478తో గుణించి 0.532 కలపండి. అందులోంచి రంగు అంకె వర్గాన్ని 0.034తో గుణించి తీసేయండి. వచ్చినదానితో 5040ని భాగించండి.

1.17 పెడితే 0.532 + 0.559 − 0.047 = 1.044. 5040 ÷ 1.044 = 4,830 కెల్విన్‌లు. సూత్రంలోనే వంద కెల్విన్‌ల దాకా తేడా ఉండొచ్చు కాబట్టి 4,800 అని రాసుకోండి. సూర్యుడి ఉపరితలం 5,772. అంటే మన చుక్క సూర్యుడి కంటే దాదాపు వెయ్యి డిగ్రీలు చల్లన. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాతి మెట్టు అసలు సంగతి ఇక్కడే ఉంది.

వ్యాసార్ధం

రెడ్ జెయింట్ తన వెలుగులో కొంత భాగం పరారుణ కిరణాలుగా పంపిస్తుంది. గైయా కెమెరాకు అది పూర్తిగా అందదు. దానికి సవరణ వేయాలి. 4,800 దగ్గర అది 0.1, 4,300 దగ్గర సుమారు 0.3. సవరణ తీసేస్తే మన చుక్క మొత్తం మాగ్నిట్యూడ్ 0.16. సూర్యుడిది 4.74.

తేడా 4.58. దాన్ని 0.4తో గుణిస్తే 1.83. పదిని 1.83 ఘాతానికి ఎక్కిస్తే 68.

అరవై ఎనిమిది సూర్యుళ్ళ వెలుగు! మన డాబా మీద నుంచి ఆనవాలు కూడా దొరకని చుక్క ఇది.

ఇప్పుడు ఆలోచించండి. ఉపరితలం సూర్యుడి కంటే చల్లన, అంటే ఒక్కో చదరపు మీటరు నుంచి వచ్చే వెలుగు సూర్యుడి కంటే తక్కువ. వేడి నాలుగో ఘాతం లెక్కన చూస్తే అది సగం కూడా ఉండదు. అయినా మొత్తం వెలుగు 68 రెట్లు. అలా జరగాలంటే చదరపు మీటర్లు విపరీతంగా ఉండాలి, అంటే చుక్క పెద్దదై ఉండాలి. చలికాలంలో చిన్న బొగ్గుల కుంపటి కంటే గోరువెచ్చటి పెద్ద గోడ గదిని ఎక్కువ వెచ్చబెట్టినట్టు.

లెక్క: 68కి వర్గమూలం 8.25. 5,772ని 4,800తో భాగించి వర్గం చేస్తే 1.446. రెండూ గుణిస్తే 11.9.

సూర్యుడికి పన్నెండు రెట్లు. ఈ అంచు నుంచి ఆ అంచుకు కోటీ 65 లక్షల కిలోమీటర్లు.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి, నాకు ఇది చాలా నేర్పింది. ధూళిని పూర్తిగా మర్చిపోయినట్టు లెక్క మళ్ళీ చేయండి. వేడి 4,700కి పడిపోతుంది, వెలుగు 61కి తగ్గుతుంది. వ్యాసార్ధం మాత్రం 11.8, దాదాపు అదే! ధూళి వల్ల వెలుగు తగ్గినట్టు కనిపిస్తే వ్యాసార్ధం తగ్గాలి, వేడి తగ్గినట్టు కనిపిస్తే వ్యాసార్ధం పెరగాలి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి వ్యాసార్ధం సరిగ్గా వచ్చింది కదా అని మిగతావి కూడా సరైనవే అనుకోవద్దు.

స్వాతితో సరిచూసుకోండి

మీ చుక్క జవాబును నమ్మే ముందు, ఇదే దారిలో ఎవరో వేరే పద్ధతిలో కొలిచేసిన చుక్కను లెక్కగట్టి చూడాలి. మనకు చిన్నప్పటి నుంచి పేర్లు తెలిసిన చుక్కల్లోనే రెండు రెడ్ జెయింట్‌లు ఉన్నాయి: రోహిణి, స్వాతి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో సూర్యుడు ఆ వైపే ఉంటాడు కాబట్టి రోహిణి చుక్క మనకు కనపడదు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో మాత్రం బెంగళూరు లైట్లను కూడా లెక్కచేయకుండా నెత్తి మీద నారింజ రంగులో వెలుగుతుంది. స్వాతిని ఏప్రిల్, మే సాయంత్రాల్లో తూర్పున చూడొచ్చు.

లెక్కకు స్వాతి మంచిది. అది గైయాకు మరీ ప్రకాశవంతం, కాబట్టి పాత హిప్పార్కస్ ఉపగ్రహపు పారలాక్స్ వాడాలి: 88.83. దూరం 11.26 పార్సెక్కులు. వి మాగ్నిట్యూడ్ (కంటికి కనిపించే వెలుగులో కొలిచేది) −0.05, సొంత మాగ్నిట్యూడ్ −0.31. ఉష్ణోగ్రత సుమారు 4,290 పెట్టుకోండి. వి కొలతకు పరారుణ సవరణ ఎక్కువ, సుమారు 0.65. వెలుగు దాదాపు 190 సూర్యుళ్ళు, వ్యాసార్ధం దాదాపు 25 రెట్లు వస్తుంది.

ఈ జవాబు సరైనదేనని ఎలా తెలుసు? స్వాతి ఆకాశంలో ఎంత వెడల్పుగా ఉందో ఇంటర్‌ఫెరోమీటర్లతో, అంటే చాలా టెలిస్కోపుల వెలుగును కలిపి చూసే పరికరాలతో, నేరుగా కొలిచారు: 21 మిల్లీ ఆర్క్‌సెకండ్లు. ఆ వెడల్పును, దూరాన్ని కలిపితే 25.4 వస్తుంది. వెలుగునూ వేడినీ వాడకుండా వేరే దారిలో వచ్చిన అంకె మన అంకెను తాకుతోంది. మీకు 23 నుంచి 27 మధ్య వస్తే మీ చేయి తిరిగినట్టే. రాకపోతే ముందు మైనస్ గుర్తులు చూడండి, తొంభై శాతం తప్పులు అక్కడే ఉంటాయి.

బరువు

వెలుగు, రంగు, దూరం ఎంత బాగా తెలిసినా బరువు చెప్పలేం. సూర్యుడంత బరువున్న జెయింట్, దానికి ఒకటిన్నర రెట్లున్న జెయింట్ ఇదే చోట పక్కపక్కనే కనిపిస్తాయి. అందుకే ఎవరైనా రంగు చూసి బరువు చెప్తే నేను నమ్మను.

ఎం67 లాంటి గుంపులో అయితే వయసు తెలుసు కాబట్టి, ఆ వయసుకు జెయింట్ అయ్యే చుక్కల బరువు సూర్యుడికి 1.3 రెట్ల దగ్గర అని చెప్పొచ్చు. ఒంటరి చుక్కకు ఆ సౌకర్యం లేదు. దాని ఊపిరి వినాలి.

రెడ్ జెయింట్‌ల లోపల మసిలే వాయువు గంట మోగినట్టు చుక్క మొత్తాన్ని కంపింపజేస్తుంది. వెలుగు చాలా స్వల్పంగా పెరిగి తగ్గుతుంది. సూర్యుడిలో ఈ కంపనం సుమారు 5.4 నిమిషాలకోసారి. జెయింట్‌లో గంటలు పడుతుంది. పెద్ద గంటకు గొంతు మంద్రంగా ఉన్నట్టే. 2009లో వెళ్ళిన కెప్లర్, 2018లో వెళ్ళిన టెస్ ఉపగ్రహాలు వేల చుక్కల్లో దీన్ని పట్టుకున్నాయి. టెస్ వెలుగు రికార్డులు కూడా ఉచితమే. ఒక్కో ఆకాశపు ముక్కను అది 27 రోజులు చూస్తుంది.

మన చుక్క కంపనం 9.6 గంటలు వచ్చిందనుకుందాం. అది 576 నిమిషాలు, సూర్యుడి కంటే సుమారు 107 రెట్లు నెమ్మది. వ్యాసార్ధపు వర్గం 142. దాన్ని 107తో భాగించి, 4,800ని 5,772తో భాగించగా వచ్చినదాని వర్గమూలం 0.91తో గుణించండి. 1.2 వస్తుంది. సూర్యుడికి 1.2 రెట్ల బరువు. వ్యాసార్ధంలో నాలుగు శాతం పొరపాటుంటే వర్గం వల్ల ఇక్కడ ఎనిమిది అవుతుంది. కాబట్టి పది పదిహేను శాతం అటూ ఇటూ ఉండొచ్చని పక్కనే రాసుకోండి.

ఈ కంపనాలు ఇంకో రహస్యం కూడా చెప్తాయి. ఈ వెలుగులో ఉన్న జెయింట్‌లు రెండు దశల్లో ఉండొచ్చు: గర్భం చుట్టూ హైడ్రోజన్ మాత్రమే మండుతూ ఇంకా ఉబ్బుతున్నవి, గర్భంలో హీలియం కూడా అంటుకుని కుదుటపడ్డవి. బయటికి కవలల్లా ఉంటాయి. లోపలి కంపనాల మధ్య వ్యవధి మాత్రం మొదటి రకంలో 50 సెకన్ల దగ్గర, రెండో రకంలో 100 నుంచి 300 సెకన్ల దాకా ఉంటుందని 2011లో కెప్లర్ కొలతలతో తేలింది. ఇది ఇంటి లెక్కకు అందదు, కానీ మీ చుక్క పరిశోధకుల పట్టికల్లో ఉంటే వెతికి చూడండి.

బాపు గారి దారి

వర్ణపటం, అంటే చుక్క వెలుగును రంగులుగా విడగొట్టిన పట్టీ, దొరికితే ఇంకో దారి ఉంది. అది బెంగళూరులో చెప్పుకోవాల్సిన మాట. ఖగోళ శాస్త్రవేత్త వేణు బాపు తండ్రి హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు, బాపు అక్కడే పెరిగారు. 1957లో బాపు, అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్ కలిసి ఒక విచిత్రం చూపించారు. చల్లని చుక్కల వర్ణపటంలో కాల్షియం గీత ఒకటి ఉంటుంది. దాని నడుమ సన్నటి వెలుగు చార ఉంటుంది. ఆ చార ఎంత వెడల్పైతే చుక్క సొంత వెలుగు అంత ఎక్కువ! పారలాక్స్ అక్కర్లేకుండానే జెయింటో మరుగుజ్జో చెప్పేయొచ్చు. తర్వాత ఆయనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌కు ప్రాణం పోశారు. ఇప్పుడు అది కోరమంగళలో ఉంది. జవ్వాది కొండల్లోని కావలూరులో 2.34 మీటర్ల టెలిస్కోప్‌కు ఆయన పేరే పెట్టారు. లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల టెలిస్కోప్‌ను మన హోస్కోటే నుంచే నడుపుతారని తెలిసినప్పటి నుంచి, ఆ దారిన బస్సులో వెళ్ళిన ప్రతిసారీ నేను కిటికీ పక్కన కూర్చుంటాను.

మీ చుక్క వర్ణపటం గాలా, అపోగీ, లామోస్ట్ సర్వేల్లో ఉందేమో వెతకండి. ఉంటే ఇనుము పాళ్ళు, ఉష్ణోగ్రత నేరుగా దొరుకుతాయి. మీ 4,800 పక్కన ఆ అంకె రాసి పోల్చుకోండి.

చివరి రెండు అంకెలు

బరువు, వ్యాసార్ధం వచ్చాక గురుత్వం ఒక్క నిమిషం పని. సూర్యుడి ఉపరితల గురుత్వం 274 (సెకను వర్గానికి మీటర్లలో). దాన్ని 1.2తో గుణించి 142తో భాగిస్తే 2.3. భూమి మీద 9.8. ఇక్కడ 60 కిలోలు తూగే మనిషి అక్కడ 14 కిలోలు తూగినట్టుంటాడు, నిలబడడానికి నేల లేదు గానీ. పట్టు ఇంత వదులు కాబట్టే జెయింట్‌ల పైపొరలు మెల్లగా అంతరిక్షంలోకి జారిపోతుంటాయి.

సాంద్రత కోసం 1.2ని 11.9 ఘనంతో భాగించి, సూర్యుడి సగటు సాంద్రత 1,410తో గుణించండి. ఘనపు మీటరుకు 1 కిలో వస్తుంది. బెంగళూరు సముద్ర మట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది, ఇక్కడి గాలి ఘనపు మీటరుకు కిలో కంటే కొద్దిగా ఎక్కువ. గర్భం నీటి కంటే వేల రెట్లు చిక్కగా ఉంటుంది, పైపొరలు ఈ సగటు కంటే చాలా పల్చన. అయినా మొత్తం మీద సగటు మాత్రం ఇదే. ఈ మాట చెప్పినప్పుడు కర్నూలు పెద్దాయన డాబా మీద చేయి గాలిలో ఊపి చూసుకుని, "ఇదేనా?" అన్నారు. ఇదే.

నోట్‌బుక్‌లో ప్రతి అంకె పక్కన దాని పొరపాటు, ఏ విడత సమాచారమో, లెక్క చేసిన తేదీ రాయండి. పక్కన ఒక గడి ఖాళీగా వదలండి. గైయా నాలుగో విడత 2026 డిసెంబర్‌కు ప్రకటించారు. అది వచ్చాక పారలాక్స్ ఒక్కటి మార్చి, మొదటి భాగహారం నుంచి మళ్ళీ చేయండి.